యూరిథ్మిక్స్ తర్వాత ఆనీ లెనాక్స్: సోలో రికార్డులు ఏ వరుసలో వినాలి?

సింథ్_శ్రోత: ఆనీ లెనాక్స్, డేవ్ స్టీవర్ట్‌ల జంట యూరిథ్మిక్స్ పాటలన్నీ తెలుసు. ఆనీ లెనాక్స్ ఒంటరిగా పాడినవి వెతికితే కలెక్షన్లు, సినిమా పాటలు కలగాపులగంగా వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? డేవ్ స్టీవర్ట్ లేకపోవడం వల్ల పాటలో ఏం మారింది?

పాత_క్యాసెట్: 1992లో వచ్చిన "డీవా" ఆల్బమ్‌తోనే మొదలుపెట్టండి, వేరే దారి వద్దు. యూరిథ్మిక్స్‌లో దాదాపు ప్రతి పాటా ఇద్దరూ కలిసి రాసేవారు. "డీవా"లోని పది పాటల్లో ఎనిమిది ఆవిడ ఒక్కరే రాశారు. సీడీలో పదకొండోది ఒకటి ఉంటుంది, అది 1930ల నాటి పాత పాట.

ధ్వని కూడా మారింది. యూరిథ్మిక్స్ "స్వీట్ డ్రీమ్స్" లండన్ చాక్ ఫార్మ్‌లో, ఫొటో ఫ్రేములు కట్టే చోటికి పైనున్న గదిలో ఎనిమిది ట్రాకుల టేప్ మీద తయారైంది. "డీవా" నిర్మాత స్టీఫెన్ లిప్సన్ శబ్దాలను పొరలు పొరలుగా పేర్చి, గొంతును అన్నిటికంటే ముందు నిలబెట్టాడు. అందులోని "వై" పాట చివర్లో ఆవిడ దాదాపు మాటల్లా పలికే వరుసలున్నాయే, అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అంత సన్నగా పలికినా ఒక్క అక్షరం వెనక్కి పోదు.

లిరిక్_పిచ్చి: పైన చెప్పింది నిజమేగానీ, సోలో లెక్క 1992 కంటే ముందే మొదలవుతుందండి. 1988లో గాయకుడు అల్ గ్రీన్‌తో యుగళం, 1990లో ఎయిడ్స్ సహాయార్థం వచ్చిన, పాటల రచయిత కోల్ పోర్టర్ పాటల సంకలనంలో ఒకటి ఉన్నాయి. రెండూ "డీవా"లో దొరకవు.

స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం ఆరే: 1992, 1995, 2003, 2007, 2010, 2014. 1995 తర్వాత ఎనిమిదేళ్ల ఖాళీ కనిపిస్తుంది కదా, ఆ మధ్యలోనే 1999లో యూరిథ్మిక్స్ "పీస్" వచ్చింది. 2010ది క్రిస్మస్ పాటలు, దాన్ని చివరికి ఉంచండి.

"మెడూసా" (1995) దగ్గరే చాలామంది పొరబడతారు. పదీ ఇతరుల పాటలే. "నో మోర్ ఐ లవ్ యూస్" ఆవిడదేననుకుంటారు, కానీ 1986లో ద లవర్ స్పీక్స్ అనే బృందం పాడింది అది. ముందు మూలం విని, తర్వాత ఇది వింటేనే ఆవిడ ఏం చేశారో తెలుస్తుంది. ఆవిడ పాడిన ఈ పాటకే గ్రామీ వచ్చింది. 2014 నాటి "నోస్టాల్జియా" కూడా పాత జాజ్ పాటలే.

సినిమా పాటల్లో డ్రాక్యులా కోసం పాడింది 2009 కలెక్షన్‌లో ఉంది. ఆస్కార్ తెచ్చిన "ఇన్‌టు ద వెస్ట్" కోసం లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో భాగం సౌండ్‌ట్రాక్ చూడండి.

మంద్రస్థాయి: పాడే ఉద్దేశం ఉంటే ఒక మాట. ఆవిడది కాంట్రాల్టో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే కిందిది. చరణం సుఖంగా ఉందని అక్కడే శ్రుతి పెట్టుకుంటే పైకి వెళ్లేచోట గొంతు చిరుగుతుంది. ముందు పాటలో అత్యంత పైనున్న వరుస పాడి చూడండి. అది పట్టేదాకా కరోకేలో అరస్వరం చొప్పున దించండి, ఆ తర్వాతే చరణానికి రండి. అక్కడ కింది స్వరాలు గాలిగా మారిపోతుంటే ఒక మెట్టు పెంచండి. "వై" మొదటి చరణం గట్టిగా ఎత్తుకుంటే పాట అక్కడే అయిపోతుంది. మాట్లాడే స్థాయిలోనే ఉంచండి.