క్యూవీఎల్‌లో లేని ర్యామ్ కొనొచ్చా? బీ550 బోర్డు, ఉన్న 8కి 16 కలపాలి

అరండల్‌పేట_అప్‌గ్రేడ్
మదర్‌బోర్డు బీ550, నాలుగు స్లాట్లు. ప్రాసెసర్ రైజెన్ 5 5600. ఉన్నది ఒక్కటే 8 జీబీ స్టిక్, డీడీఆర్4, స్పీడు 3200, సీఎల్16 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం, తక్కువైతే మంచిది). వీడియో ఎడిటింగ్‌కి చాలట్లేదు, ఇంకో 16 వేద్దామని. బెజవాడ గవర్నర్‌పేటలో అడిగితే "డీడీఆర్4 అయితే చాలు, ఏదైనా పడుద్ది" అన్నారు. బోర్డు కంపెనీ సైటులో మాత్రం క్యూవీఎల్ అని పెద్ద లిస్టు ఉంది, వాళ్ళు ల్యాబులో పెట్టి చూసిన ర్యామ్‌లట. షాపులో ఉన్న మోడల్ అందులో లేదు. కొనొచ్చా, ఆగాలా?

లబ్బీపేట_లేటెన్సీ
ఆగండి. బయోస్ (ఆన్ కాగానే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) రాసేది బోర్డు కంపెనీ. ఏ ర్యామ్ ఏ ఓల్టేజి దగ్గర, ఏ స్పీడులో నిలబడిందో వాళ్ళు చూసుకుని పెట్టిన లిస్టు అది. డబ్బు పెట్టేది మీరు, ప్రయోగం కూడా మీరే ఎందుకు చేయాలి?

చూడటంలోనే చాలామంది పొరపాటు పడతారు. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. "అదే కంపెనీ, అదే 3200" అంటే కుదరదు. చివర్లో 1, 2, 4 అని స్లాట్ల గడి ఉంటుంది. 2 దగ్గర టిక్కు ఉండి 4 దగ్గర లేకపోతే, ఆ స్పీడు రెండు స్టిక్కులకే అని అర్థం. ఇక లిస్టు ప్రాసెసర్‌ని బట్టి మారుతుంది. కొన్ని కంపెనీలు నంబరు రాయకుండా వెర్మీర్, సెజాన్ అని ప్రాసెసర్ కోడ్ పేర్లు రాస్తాయి. మీ 5600 వెర్మీర్. 5600జీ సెజాన్. 5500కి గ్రాఫిక్స్ లేదు కదా అని వెర్మీర్ లిస్టు చూస్తారు, అది కూడా సెజానే.

మిర్చియార్డు_మెగాహెర్ట్జ్
లేటెన్సీ గారూ, చూసే పద్ధతి బాగా చెప్పారు, కానీ ఆ లిస్టుకి మీరిచ్చే విలువే ఎక్కువ. బీ550 వచ్చింది 2020లో. ఈయన 5600 వచ్చింది 2022లో. బోర్డు కొత్తగా వచ్చినప్పుడు చేతికి దొరికిన కిట్లు పెట్టి చూసి లిస్టు వేస్తారు, తర్వాత అప్పుడప్పుడు నాలుగు కలుపుతారు. మన షాపుల్లో ఈరోజు దొరికే సగం మోడళ్ళు అందులో ఉండకపోవడం మామూలే. లిస్టులో లేదంటే పెట్టి చూడలేదని, అంతే.

పైగా లిస్టులో ఉన్నదే కొన్నా, వాళ్ళు చూసినదే మీ చేతికి వస్తుందని ఏముంది? పార్ట్ నంబరు మారకుండానే లోపలి చిప్పులు మారిపోతుంటాయి. కోర్సెయిర్ డీడీఆర్4 స్టిక్కు లేబుల్ మీద "వెర్షన్" అని ఒక నంబరు ఉంటుంది. 3తో మొదలైతే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. పెట్టె మీద మోడల్ ఒకటే, లోపల సరుకు మూడు రకాలు.

అరండల్‌పేట_అప్‌గ్రేడ్
మరి నా స్టిక్కుకి ఏది కలపాలి? షాపులో ఉన్నది 16 జీబీ, 3200, సీఎల్22.

బుడమేరు_బయోస్
అసలు చిక్కు అక్కడుంది తమ్ముడూ. క్యూవీఎల్ గొడవ తర్వాత.

ప్రతి స్టిక్కు మీదా ఎస్‌పీడీ అని చిన్న చిప్పు ఉంటుంది. ఆ స్టిక్కు ఏయే స్పీడుల్లో నడుస్తుందో అందులో రాసి ఉంటుంది. సీఎల్22 3200 స్టిక్కు 1.2 ఓల్టుల దగ్గర జెడెక్ (మెమరీ ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారమే 3200 నడుస్తుంది, దానికి ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ స్టిక్కులో రాసిపెట్టిన ఎక్కువ స్పీడు సెట్టింగు, బయోస్‌లో ఆన్ చేయాలి) అక్కర్లేదు. నీ సీఎల్16 స్టిక్కు వేరు. దానికి 3200 అనేది ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి 1.35 ఓల్టులు ఇస్తేనే. ఆపేస్తే అది 2133కో, 2400కో, 2666కో పడిపోతుంది. రెండూ కలిపి మామూలుగా ఆన్ చేస్తే బోర్డు రెండింటికీ కుదిరే తక్కువ స్పీడు చూసుకుంటుంది. అంటే రెండు "3200" స్టిక్కులు పెట్టి 2400 దగ్గర కూర్చుంటావు. చాలామంది అలాగే ఏళ్ళ తరబడి వాడేస్తారు, చూసుకోరు.

ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే బోర్డు ఒక స్టిక్కు ప్రొఫైల్ తీసుకుని రెండింటి మీదా రుద్దుతుంది. సీఎల్16 భరించలేని రెండోది ట్రైనింగ్‌లో (ఆన్ కాగానే బోర్డు ర్యామ్‌ని సరిచూసుకునే దశలో) పడిపోతుంది. సిస్టమ్ రెండు మూడుసార్లు దానంతటదే ఆఫ్ అయి ఆన్ అయి, చివరికి "ఓవర్‌క్లాక్ ఫెయిల్డ్" అని బయోస్‌లోకి తీసుకెళ్తుంది. కాలిపోయిందేమోనని కంగారు పడక్కర్లేదు. కలపక తప్పదంటే బయోస్‌లో చేత్తోనే 3200 పెట్టి, మొదటి నాలుగు టైమింగులు 22-22-22-52 ఇచ్చి, ఓల్టేజి 1.35 చేయి. సాధారణంగా నిలబడుతుంది.

కొనే ముందు సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఎస్‌పీడీ పేజీ చూడు. పార్ట్ నంబరు, ర్యాంకు (కలిసి పనిచేసే చిప్పుల గుంపు), ఎక్స్‌ఎంపీ ఉందో లేదో అన్నీ అక్కడే. మెమరీ పేజీలో ఫ్రీక్వెన్సీ 1600 అని కనిపిస్తే సగమే నడుస్తోందని అనుకోకు, డీడీఆర్ కాబట్టి రెట్టింపు చేసుకోవాలి, 3200 అన్నమాట.

షాపులో స్టిక్కు చేతికి తీసుకున్నాక లేబుల్ చదువు. 1ఆర్×8 అంటే ఒకే ర్యాంకు. 2ఆర్×8 అంటే రెండు ర్యాంకులు. 1ఆర్×16 అని కనిపిస్తే మాత్రం పక్కన పెట్టు. 8 జీబీ స్టిక్కు మీద నాలుగే చిప్పులు వేసి చౌకగా చేసిన రకం అది. పనిచేస్తుంది గానీ స్పీడు ఒకటే ఉన్నా వెనకబడుతుంది. కోడ్ చివరి భాగంలో యూ అక్షరం ఉంటే డెస్క్‌టాప్‌ది, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ అంటే సర్వర్‌ది. ఆన్‌లైన్‌లో "16 జీబీ డీడీఆర్4 ఈసీసీ, చౌక" అని వచ్చేవి (ఈసీసీ అంటే తప్పులు సరిదిద్దే ర్యామ్) ఎక్కువగా ఆ ఆర్ రకమే. డీడీఆర్4లో డెస్క్‌టాప్, సర్వర్ స్టిక్కులకి గాటు ఒకేచోట ఉంటుంది కాబట్టి స్లాట్‌లో చక్కగా దిగిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. డీడీఆర్5 సర్వర్ స్టిక్కుకి గాటు వేరేచోట ఉంటుంది, కనీసం అది దిగదు.

కృష్ణలంక_పాతబోర్డు
మీరంతా కొత్త బోర్డుల దగ్గరే ఆగిపోయారు. ఊళ్ళో ఇంకా హెచ్61లు (డీడీఆర్3 కాలం నాటి ఇంటెల్ బోర్డులు) ఎన్ని నడుస్తున్నాయో! వాటికి క్యూవీఎల్ తెరిచి ఏం లాభం, అందులోని ర్యామ్ ఒక్కటీ ఇప్పుడు దొరకదు. చిప్పులు లెక్కపెట్టుకోవడమే దారి. హెచ్61 మీద వేసే రెండో, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు 4 గిగాబిట్ చిప్పుల దాకానే గుర్తుపడతాయి. కాబట్టి 8 జీబీ డీడీఆర్3 స్టిక్కు కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులుండాలి. ఒకవైపు 8 చిప్పులే ఉన్నది పెడితే బీప్ కొడుతుంది, లేదంటే డిస్‌ప్లే రాదు. "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని అమ్మే స్టిక్కులు ఇంటెల్‌కి పనికిరావు, ఎంత చౌకైనా వద్దు.

లబ్బీపేట_లేటెన్సీ
పాతబోర్డు గారు చెప్పింది నిజమే, హెచ్61కి లిస్టు దండగ. కానీ మెగాహెర్ట్జ్, మీరు రెండు డీడీఆర్4 స్టిక్కుల లెక్క పట్టుకుని అన్నింటికీ తీర్పు చెప్పేస్తున్నారు. నాలుగు డీడీఆర్5 స్టిక్కులు పెట్టి చూడండి. రైజెన్ 7000కి ఏఎండీ చెప్పే స్పీడు రెండు స్టిక్కులకి 5200, నాలుగైతే 3600. షాపు వాళ్ళు 6000 కిట్లు రెండు చేతిలో పెట్టి "ఎక్స్‌పో ఆన్ చేసుకోండి" అంటారు (ఏఎండీ వాళ్ళ ఎక్స్‌ఎంపీ లాంటిదే అది). అక్కడ లిస్టులో 4 గడి చూడకుండా కొంటే గోదాట్లో దిగినట్టే.

24, 48 జీబీ స్టిక్కులదీ ఇదే కథ. 2023లో బయోస్ అప్‌డేట్లు వచ్చాకే చాలా బోర్డులు వాటిని గుర్తుపట్టాయి. షాపులో ఏడాదిగా పెట్టెలో పడున్న బోర్డయితే పాత బయోస్‌తోనే ఉండొచ్చు.

మిర్చియార్డు_మెగాహెర్ట్జ్
నాలుగు డీడీఆర్5 దగ్గర ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన 3600 క్యూవీఎల్‌లోది కాదు, ప్రాసెసర్ పేజీలోది. నేను మొదటినుంచీ అంటున్నది అదే. ముందు ప్రాసెసర్ హద్దు, తర్వాత చిప్‌సెట్ (హెచ్510, బీ560 లాంటి బోర్డు రకం) హద్దు, ఆ తర్వాతే లిస్టు. ఐ5-10400 వేసి హెచ్510 బోర్డు మీద 3200 ర్యామ్ పెడితే 2666కే నడుస్తుంది. లిస్టులో ఉన్నా అంతే. అదే ప్రాసెసర్‌కి బీ560 పెడితే ఎక్స్‌ఎంపీ దొరుకుతుంది. హెచ్610 మీద 3600 కిట్ పెట్టడం డబ్బులు పారేసుకోవడమే, 3200 దాటదు. 12400 లాంటి పేరు చివర కే లేని ప్రాసెసర్లలో ఎస్ఏ ఓల్టేజి (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కి వెళ్ళేది) లాక్ అయి ఉంటుంది. అందుకని బీ660 మీద కూడా 3600 గేర్ 1లో (మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమాన వేగంలో నడిచే పద్ధతి) కొన్నింటికి నిలబడుతుంది, కొన్నింటికి నిలబడదు. ఏ లిస్టూ మీ చేతిలో ఉన్న ప్రాసెసర్‌ని పరీక్షించలేదు.

ర్యామ్ కంపెనీల సైట్లలో ఎదురు లిస్టు ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. క్రూషల్, కింగ్‌స్టన్ సైట్లలో బోర్డు మోడల్ కొడితే ఏ స్టిక్కులు సరిపోతాయో చెప్తాయి. బోర్డు కంపెనీ మర్చిపోయిన బోర్డుకి కూడా వీళ్ళ దగ్గర సమాధానం దొరుకుతుంది.

బెంజిసర్కిల్_బూట్
పేరు పూర్తిగా చదవడం కూడా చెప్పండి. బీ660, బీ760 బోర్డులు డీడీఆర్4కీ ఉన్నాయి, డీడీఆర్5కీ ఉన్నాయి. ఆసుస్‌లో చివర డీ4 అని, గిగాబైట్‌లో డీడీఆర్4 అని ఉంటే పాతది. ఆ తోక లేకుండా పేరు మాత్రమే చూసి ర్యామ్ తెచ్చేవాళ్ళు ఎక్కువ. రెండింటికీ 288 పిన్నులే, గాటు చోటు మాత్రం వేరు. దిగట్లేదని బలంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

అరండల్‌పేట_అప్‌గ్రేడ్
8+16 పెడితే డ్యూయల్ ఛానెల్ (ప్రాసెసర్ రెండు స్టిక్కులనీ ఒకేసారి వాడటం) వస్తుందా?

బుడమేరు_బయోస్
సగం సగం. 8, 8 కలిసి 16 వరకు రెండు ఛానెళ్ళలో, మిగిలిన 8 ఒక ఛానెల్‌లో నడుస్తుంది. ఎడిటింగ్‌కి ఒంటి 8 కన్నా చాలా నయం. కానీ నా మాట వింటే ఉన్న 8 అమ్మేసి 16×2 కిట్ తీసుకో. కిట్ అంటే ఒకే పెట్టెలో వచ్చిన రెండు. విడివిడిగా రెండు కొని కిట్ అనుకోకు. స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టు. మొదటి, మూడో స్లాట్లలో పెట్టి 3200 రావట్లేదని తల పట్టుకునేవాళ్ళున్నారు. పెద్ద టవర్ కూలర్ ఉంటే స్టిక్కు ఎత్తు కూడా చూసుకో. ఆర్‌జీబీ (రంగు లైట్ల) రకాలు చాలావరకు 44 నుంచి 51 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, ఫ్యాన్ అడ్డొస్తుంది.

లబ్బీపేట_లేటెన్సీ
కిట్ మాటకి నేనూ ఓటేస్తా. అయితే ఆ కిట్ లిస్టులో ఉన్నదే తీసుకుంటే తర్వాత గొడవొచ్చినప్పుడు బోర్డు సర్వీస్ సెంటరుతో మాట్లాడటం తేలిక. లిస్టులో లేకపోతే "మా దగ్గర చూసిన ర్యామ్ కాదు" అనడానికి వాళ్ళకో సాకు దొరుకుతుంది. లిస్టు వల్ల అసలు లాభం అదే, మెగాహెర్ట్జ్ గారు ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా.

మిర్చియార్డు_మెగాహెర్ట్జ్
సాకు సంగతి సరే. అందుకే లిస్టు కన్నా షాపులో మాట ముఖ్యం. క్యాబినెట్ మోసుకెళ్ళి అక్కడే పెట్టించుకో. డిస్‌ప్లే వస్తే సరిపోదు, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి రెండోసారి బూట్ అయ్యేదాకా కదలకు. పడకపోతే వారంలో మారుస్తామని బిల్లు మీద రాయించుకో, స్టిక్కు పార్ట్ నంబరుతో సహా.

బుడమేరు_బయోస్
ఇంటికొచ్చాక మెమ్‌టెస్ట్86 (ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రి వదిలేయి. ఉచిత వెర్షన్ నాలుగు పాసులు తిప్పుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా "ఒకటేగా" అనుకోకు. ముందు ఎక్స్‌ఎంపీ ఆపి మళ్ళీ తిప్పు. అప్పుడు రాకపోతే ఆ స్పీడు నిలబడట్లేదని, 3000కి దించి చూడు. ఆపినా వస్తుంటే ఒక్కో స్టిక్కు విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి తిప్పు. ఎర్రర్ ఏ స్టిక్కుతో వస్తే అది పట్టుకుని షాపుకి వెళ్ళు.

డీడీఆర్5 కొనేవాళ్ళకి ఒక్క మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు నల్లటి స్క్రీనే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతుంది. పాడైందని స్విచ్ ఆపొద్దు. మన ఎండాకాలం కరెంటు తెలిసిందే కదా, బయోస్ అప్‌డేట్ గానీ, ఆ మొదటి బూట్ గానీ యూపీఎస్ మీదే చేయండి.

అరండల్‌పేట_అప్‌గ్రేడ్
16×2 కిట్, సీఎల్16, 2 గడిలో టిక్కు ఉన్నది ఒకటి వెర్మీర్ లిస్టులో దొరికింది. గవర్నర్‌పేటలో స్టాకు లేదట, రెండ్రోజుల్లో తెప్పిస్తామన్నారు. ఈలోపు సీఎల్22 తీసుకుపొమ్మని ఒకటే పోరు.