సాఫ్లోరైట్ పేరు పువ్వు నుంచా, రంగుపొడి నుంచా?

కోబాల్ట్ ఖనిజాల పేర్లు ఎలా వచ్చాయో ఒక పట్టిక రాస్తున్నాను. లోహం పేరు కథ చాలామందికి తెలిసిందే. జర్మనీలోని సాక్సనీ గనుల్లో కొన్ని ముడి ఖనిజాలను కరిగిస్తే ఆశించిన లోహం రాకపోగా ఆర్సెనిక్ విషపు పొగ కమ్మేది. ఇదంతా కొబోల్డ్ అనే గని దయ్యం పని అని కార్మికులు తిట్టుకునేవారు. 1730లలో స్వీడన్ రసాయనవేత్త బ్రాంట్ అందులో కొత్త లోహం ఉందని తేల్చినా దయ్యం పేరు వదలలేదు!

ఖనిజాల్లో స్కుటెరుడైట్‌కు నార్వేలోని స్కుటెరుడ్, కారొలైట్‌కు అమెరికాలోని కారొల్ కౌంటీ పేరు వచ్చాయి. వీటితో పేచీ లేదు. ఎరిథ్రైట్ అంటే నాకు ముచ్చట. గ్రీకులో ఎరిథ్రోస్ అంటే ఎరుపు. బూడిదరంగు కోబాల్ట్ ఖనిజానికి గాలీ తేమా తగిలితే పైన ఇది గులాబీ రంగు పొరలా పూస్తుంది. గనుల్లో దాన్ని కోబాల్ట్ పువ్వు అనేవారు.

చిక్కంతా సాఫ్లోరైట్ అనే మరో కోబాల్ట్ ఖనిజంతోనే. జర్మన్‌లో జాఫ్లోర్ అంటే కుసుమ మొక్క. గాజుకు నీలం రంగునిచ్చే జాఫర్ అనే కోబాల్ట్ పొడి కూడా ఉంది. ఖనిజానికి పేరు పెట్టినప్పుడు ఈ రెంటిలో దేన్ని దృష్టిలో పెట్టుకున్నారు? ఎర్ర రంగునిచ్చే పువ్వుకూ నీలం పొడికీ సంబంధం ఎక్కడ కుదిరింది? పాత జర్మన్ గని పదాలు తెలిసినవారు ఆధారంతో చెబితే మేలు.