రేకులు కనిపిస్తే చాలు, పద్మమేనా?

గార కుర్రోడు:
ఇంటికొచ్చిన బంధువులను శాలిహుండం తీసుకెళ్లాను. కొండ మీద చక్రం ఆకారంలో కట్టిన స్తూపం పునాది చూడగానే మా మావయ్య "ఇది పద్మంరా, రేకులు చూడు" అన్నారు. చక్రానికి ఉండేవి రేకులు కాదు, ఆకులు (నడుమ నుంచి అంచుకి సాగే కమ్మీలు) అన్నాను. ఆయన వినలేదు. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ల వీపులు చూపించి అవీ పద్మాలే అన్నారు. ఆయన వాదన ఏమిటంటే, మొక్కలోనూ జంతువులోనూ రాతిలోనూ ఒకే రూపం ఊరికే రాదు, పాతవాళ్లు ప్రకృతిని చూసి పద్మాన్నే అంతటా పెట్టారు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదని నా వాదన. తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి మేష్టారు:
బాబూ, ముందు మీ మావయ్యగారిని రేకులు లెక్కపెట్టమనండి. బడిలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, పిల్లల చేత నేను మొదట చేయించే పని అదే. ఒంటిరేకు మందారానికి అయిదు, గన్నేరుకి అయిదు, ఉద్దానం తోటల్లో జీడిపువ్వుకి అయిదు. ఆవపువ్వుకి నాలుగు. కాగితం పువ్వుకి కనిపించే మూడు రంగు రేకులు అసలు రేకులే కావు, రంగు మారిన ఆకులు. లోపల సన్నగా తెల్లగా ఉండే గొట్టాలే పువ్వులు.

ఇక తామర. ఒక పువ్వు కోసి రేకు రేకూ ఊడదీసి చూడండి. ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి, ఏ రెండు పువ్వుల లెక్కా కచ్చితంగా ఒకటి కాదు. ఒకే వలయంలో కూడా ఉండవు, మెలిక తిరుగుతూ ఒకదాని సందులోంచి ఒకటి వస్తాయి. సరిగ్గా ఎనిమిది రేకులు, అన్నీ ఒకే కొలత, ఒకే వరస, అలాంటి తామర ఏ చెరువులోనూ పూయదు. కానీ గడపల మీద, దూలాల మీద, రాగి పళ్లేల మీద చెక్కేది ఎక్కువగా ఆ ఎనిమిది రేకులదే. మరి చెక్కినవాడు చూసింది చెరువునా?

ఇంకో సంగతి. తామరా కలువా అక్కచెల్లెళ్లని అందరూ అనుకుంటారు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక తేలిందేమిటంటే తామరకి దగ్గరి బంధువులు చినారు లాంటి చెట్లు, కలువ కాదు. ఒకే నీటిలో ఉంటూ ఒకేలా కనిపించే రెండు పువ్వులకే చుట్టరికం లేనప్పుడు, తాబేలుకీ తామరకీ ఎలా కలుపుతారు?

నాగావళి:
మేష్టారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, లెక్క ఒక్కటే పట్టుకుంటే కుదరదు. అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతి కంచె ముక్కలు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీది గుండ్రటి పద్మాలు చూడండి. రేకులు వరస మీద వరస, వెనక వరస రేకులు ముందు వరస సందుల్లోంచి తొంగి చూస్తాయి. మీరిప్పుడు చెప్పిన పద్ధతే కదా అది! పక్కనే మెలికలు తిరిగిన కాడలు, మొగ్గలు. ఆ శిల్పి చెరువు గట్టున కూర్చుని చూశాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన అరసవల్లి స్వామి రెండు చేతుల్లోనూ పద్మాలే. అది అలంకారం కోసం పెట్టింది కాదు. తామర పొద్దుటే విచ్చుకుని తర్వాత ముడుచుకుంటుంది. అంతేకాదు, ఆ పువ్వు తన వేడి తానే పుట్టించుకుంటుంది. 1996లో అచ్చయిన పరిశోధన ప్రకారం బయట గాలి 10 డిగ్రీలకు పడిపోయినా పువ్వు లోపల 30 డిగ్రీలకు పైనే నిలబడుతుంది. ఇంత దగ్గరగా సూర్యుడితో ముడిపడిన పువ్వుని సూర్యుడి చేతిలో పెట్టినవాళ్లు మొక్కని గమనించలేదని నేను ఒప్పుకోను.

బొబ్బిలి చేతిపని:
నేను చెక్క మీద చెక్కేవాణ్ణి, కాబట్టి గీత ఎలా పడుతుందో అది చెబుతాను. కంపాసుతో ఒక వృత్తం గీయండి. విప్పు మార్చకుండా ముల్లుని ఆ గీత మీదే పెట్టి లోపల ఒక వంపు గీయండి. వంపు గీతని తాకిన చోట మళ్లీ ముల్లు పెట్టండి. అలా చుట్టూ తిరిగొచ్చేసరికి ఆరు రేకులు వాటంతట అవే పడతాయి, ఏ పువ్వునీ చూడక్కర్లేదు. కంపాసు లేకపోతే మేకూ తాడూ చాలు. ఎనిమిది కావాలంటే నిలువూ అడ్డం గీసి మూలలు సగం చెయ్యడం, పదహారు కావాలంటే ఇంకోసారి సగం. అయిదు రేకులు మాత్రం సమంగా రావాలంటే ప్రాణం మీదకి వస్తుంది. గుళ్లలో ఎనిమిదీ పదహారూ విరివిగా ఉండి అయిదు తక్కువ ఎందుకో మాలాంటోళ్లకి అడక్కుండానే తెలుసు.

వీణ పైపలక మీద రెండు పక్కలా పెట్టే చిల్లుల పువ్వులు కూడా ఈ లెక్కలోవే. అయితే మేష్టారూ, నేను గీసేటప్పుడు తామర అనుకునే గీస్తాను. చేయించుకునేవాళ్లూ "తామర పెట్టవయ్యా" అనే అడుగుతారు.

కళింగపట్నం తీరం:
అయిదు రేకులు సూడాలంటే మాకాడికి రండి. ఇసకలో పల్చటి బిళ్ల ఒకటి దొరుకుతాది, బిస్కెట్టంత. ఎండిపోతే తెల్లగా అయిపోతాది. దాని మీద అచ్చు పువ్వే ఉంటాది, సరిగ్గా అయిదు రేకులు. గుంటలు ఏరుకుని మెడలో ఏసుకుంటారు. ఎవలు సెక్కినారు మేష్టారూ అది?

చీపురుపల్లి మేష్టారు:
మంచి మాట అడిగారు. అది ముళ్లతో నడిచే ఒక సముద్ర జీవి గుల్ల. బతికున్నప్పుడు ఒళ్లంతా వెల్వెట్టులా సన్నటి ముళ్లుంటాయి, చచ్చాక అవి రాలిపోతాయి. ఆ గుల్లని ఎండకి అడ్డంగా పట్టి భూతద్దంతో చూడండి. ఒక్కో రేకు అంచు వెంట సూదితో పొడిచినట్టు జతలు జతలుగా రంధ్రాలుంటాయి. వాటిలోంచి మెత్తటి గొట్టాలు బయటికి వచ్చి నీటిలోని ప్రాణవాయువు పీల్చుకుంటాయి. అంటే మీకు రేకుగా కనిపించేది ఆ జీవికి ఊపిరి పీల్చే చోటు. ఇంకా విచిత్రం, గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికి అయిదు వైపులు లేవు. మనలాగే కుడీ ఎడమా ఉన్న పిల్లగా నీళ్లలో తేలుతుంది. తర్వాత రూపం మారి అయిదు పాళ్ల శరీరం అవుతుంది. మందారం అయిదుకీ దీని అయిదుకీ ఏ సంబంధమూ లేదు.

నక్షత్ర తాబేలు సంగతీ అంతే. వీపు మీది ఒక్కో పెంకు ముక్క అంచుల దగ్గర పెరుగుతుంది. పుట్టినప్పటి ముక్క నడుమ పచ్చటి బొట్టులా మిగిలిపోతుంది. చుట్టూ పొర మీద పొర వచ్చేటప్పుడు అంచులో పసుపు పడ్డ చోటే మళ్లీ పసుపు పడుతూ పోతే అది గీతగా సాగి కిరణంలా కనిపిస్తుంది. నడుమ నుంచి బయటికి పెరిగే దేనికైనా ఈ రూపం వచ్చే వీలుంది.

నాగావళి:
కళింగపట్నం అన్నగారి ప్రశ్న వల్ల ఒకటి గుర్తొచ్చింది. ఈ జీవుల శిలాజాలను పాతకాలపువాళ్లు ఏరి దాచుకున్నారు. ఈజిప్టులో హీలియోపొలిస్ దగ్గర దొరికిన ఒక శిలాజం ఇప్పుడు ఇటలీలో టురిన్ మ్యూజియంలో ఉంది. అయిదు రేకులూ స్పష్టంగా ఉన్న రాయి. దాని మీద చిత్రలిపిలో అది ఎక్కడ దొరికిందో, ఏ పూజారికి దొరికిందో చెక్కించారు. ఇంగ్లండులో డన్‌స్టబుల్ దగ్గర ఒక తల్లీబిడ్డల సమాధిలో వందకు పైగా ఇలాంటి శిలాజాలు బయటపడ్డాయి. రేకుల రూపం మనిషిని చెయ్యి చాపేలా చేసిందన్నమాట. చెక్కడం రాని చోట ఏరుకున్నారు. దీన్ని కేవలం కంపాసు గొడవ అని ఎలా తీసిపారేస్తాం?

గార కుర్రోడు:
అమ్మా, అది ఒప్పుకుంటాను. కానీ అందరికీ పద్మం అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ. బాబిలోనులో ఇష్తార్ ద్వారం క్రీ.పూ. 6వ శతాబ్దానిది, దాని అంచుల వెంట తెల్ల రేకుల బిళ్లలు బారులు తీరి ఉంటాయి. అక్కడ ఆ బిళ్ల ఇష్తార్ దేవత గుర్తు. ఈజిప్టు పాత చిత్రాల్లో కనిపించే పువ్వు కలువ జాతిది. మన తామర అక్కడికి పర్షియా వాళ్ల కాలంలో గానీ చేరలేదు. తామర చేరకముందు నుంచే అక్కడ రేకుల బిళ్లలు ఉన్నాయి కదా?

శాలిహుండం గురించి కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చారు. ఆ స్తూపం నడుమ నుంచి బయటికి సాగిన గోడలున్నాయి, వాటి మధ్య మట్టి నింపారు. అంత బరువైన గుట్ట పక్కలకి జారిపోకుండా ఆ అడ్డగోడలు పట్టి ఉంచుతాయి. నాగార్జునకొండలోనూ ఇలాంటివే ఉన్నాయి. ధర్మచక్రం అనే భావన కట్టినవాళ్ల మనసులో ఉండే ఉంటుంది. కానీ రేకు మొన తేలి ఉంటుంది, ఈ గోడలు తిన్నగా వెళ్లి చుట్టుగోడని తాకుతాయి. పద్మం ఎక్కడుంది ఇందులో?

నాగావళి:
శాలిహుండం వరకు మీ మాటే సరి. అది చక్రమే.

చీపురుపల్లి మేష్టారు:
నిజంగా పువ్వుని అనుకరించే జంతువు ఒకటుంది, అదీ చెప్పాలి. మలేషియా అడవుల్లో ఒక గొల్లభామ జాతి పురుగు. దాని కాళ్ల మీద వెడల్పాటి తెలుపూ గులాబీ పలకలుంటాయి. తేనె కోసం వచ్చే ఈగలూ తేనెటీగలూ పువ్వు అనుకుని దాని మీద వాలి దానికే ఆహారమవుతాయి. 2014లో అచ్చయిన పరిశోధనలో చుట్టూ ఉన్న నిజం పువ్వుల కంటే ఈ పురుగు దగ్గరికే ఎక్కువ కీటకాలు వచ్చినట్టు తేలింది. ఇక్కడ పోలిక వల్ల లాభం ఉంది కాబట్టి తరతరాలుగా ఆ పోలిక పదునెక్కింది. తాబేలుకీ ఇసక బిళ్లకీ అలాంటి లాభమేదీ లేదు. అందుకే మూడిటినీ ఒక గాటన కట్టొద్దంటాను.

బొబ్బిలి చేతిపని:
మరి రాతి పని సంగతి? మా తాతల నుంచీ తామర అనుకుని చెక్కినదాన్ని లెక్క తప్పిందని కాదంటారా? మనసులో ఉన్నదానికి విలువ లేదా?

చీపురుపల్లి మేష్టారు:
ఉంది బాబూ, చాలా ఉంది. నువ్వు బతికున్నావు, అడిగితే చెబుతావు. వెయ్యేళ్ల కిందటి శిల్పిని అడగలేం. అందుకని రాతిలో సాక్ష్యం వెతకాలి. నడుమ దుద్దు మీద గింజల గుంటలు చుక్కలుగా చెక్కి ఉంటే అది తామరే, నేనే మొదట ఒప్పుకుంటాను. ఉత్త బొడిపె ఉండి ఎనిమిది రేకులు ఒకే కొలతలో ఉంటే మాత్రం రేకుల బిళ్ల అంటాను.

నాగావళి:
ఉత్త బొడిపే ఉండి, పక్కనే కాడా మొగ్గా ఉంటే?

చీపురుపల్లి మేష్టారు:
అప్పుడు నీదే గెలుపమ్మా. శ్రీకూర్మం మండపంలోనూ ముఖలింగంలోనూ బోలెడు స్తంభాలున్నాయి. వెళ్లినవాళ్లు ఏ స్తంభమో, ఏ దిక్కు ముఖమో రాసి, నడుమ భాగం దగ్గరగా తీసిన ఫోటో పెట్టండి. పొద్దుటి ఏటవాలు ఎండలో తీస్తే చుక్కలు ఉంటే కనబడతాయి. మధ్యాహ్నం తీసినవి దీనికి పనికిరావు.