సమస్య: “టిజ్జి లేని వాడె టిజ్జి పడును” (ఆటవెలది)

నిర్వాహకుడు: టిజ్జీ అంటే ఇంగ్లీషు వాడుకలో కంగారు, గాభరా. చిన్న విషయానికే కాలు నిలవకపోవడం. 1930లలో అమెరికాలో అచ్చుకెక్కింది. మూలం నిఘంటువులకే అందలేదు. కంగారే లేనివాడు కంగారు పడటమేమిటి? పూరించండి.

గోదారిగట్టు:
లండనందు నాడు దండిగా తినవచ్చు
నారు పెన్నిలున్న హాయిగాను
జేబు తడిమి చూచి చిల్లర లేదని
టిజ్జి లేని వాడె టిజ్జి పడును

వివరణ: ఇంగ్లండులో అంతకు వందేళ్ల ముందే ఆరు పెన్నీల నాణేన్ని వాడుకలో టిజ్జీ అనేవారు. పౌనుకు 240 పెన్నీలు, అంటే నలభై టిజ్జీలు. 1971లో లెక్కలు మారినా రెండున్నర కొత్త పెన్నీల కింద చెల్లి, 1980లో ఆగిపోయింది.

నిర్వాహకుడు: భేష్! ఒకే మాట రెండర్థాల్లో, యమకం అంటే ఇదీ. లండ–దండి ప్రాసయతి కూడా కుదిరింది. ‘దండిగా’ అన్నది మాత్రం అతిశయోక్తి కింద జమకడతాను.

పాతపుస్తకం:
పదము పుట్టు చోటు పట్టరాదాయెను
కోశకర్త కైన గుబులు పుట్టె
తెల్లవార్లు వెదకి తీగ దొరకకున్న
టిజ్జి లేని వాడె టిజ్జి పడును

గోదారిగట్టు: భావం బాగుందండీ. కానీ మీకు కావలసింది ‘వాడును’, అంటే వాడు కూడా అని. సమస్యలో ఉన్నది ‘వాడె’. ఆ ఒక్క ఎత్వం మీ అర్థాన్ని అడ్డుకుంటోంది.

పాతపుస్తకం: నిజమే. అక్కడ దొరికిపోయాను.

పెళ్లిసందడి:
పెండ్లి పనుల నడుమ పెదనాన్న నవ్వెను
“కంగారు వలదు మనకు, కాఫి” యనియె
తాళిబొట్టు మరచి తలపట్టుకొనె నేడు
టిజ్జి లేని వాడె టిజ్జి పడును

నిర్వాహకుడు: రెండో పాదం తప్పింది. ‘కంగా’ రెండూ గురువులే, ఇక్కడ రావలసిన సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. “కలత వలదు మనకు” అనండి, గణాలూ యతీ రెండూ నిలుస్తాయి. పాపం, కంగారు అనే మాటే ఆటవెలదిలో పాదం మొదట్లో ఇమడదు! ‘గాభరా’కు ఆ గొడవ లేదు. మూడో పాదం మాత్రం కళ్లకు కట్టింది.

పెళ్లిసందడి: సవరించుకుంటానండీ. మూడో పాదం కల్పన కాదు. ముహూర్తానికి ఇరవై నిమిషాల ముందు స్కూటర్ మీద ఇంటికెళ్లి, ఫ్రిజ్ మీది పసుపు సంచిలోంచి తాళిబొట్టు తెచ్చింది నేనే. పెదనాన్న చేతిలో కాఫీ అప్పటికి చల్లారిపోయింది.