డ్రాఫ్ట్‌లో జట్టు చూడవలసింది ఖాళీనా, ప్రతిభనా?

గ్రీన్ బే అభిమాని:

అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మిత్రుల మధ్య ఏటా ఏప్రిల్ రాగానే మొదలయ్యే వాదాన్ని ఈసారి కాస్త నిదానంగా చర్చిద్దామని ఈ అంశాన్ని ఇక్కడ పెడుతున్నాను. కొత్తగా చూస్తున్నవారి కోసం ఒక్క మాట: డ్రాఫ్ట్ అనే ఏర్పాటులో, ఈ ఆట వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు కళాశాల ఆటగాళ్లను ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి, ముందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు చివరి వంతు దక్కుతాయి. వంతు వచ్చినప్పుడు జట్టులో ఏ స్థానం బలహీనంగా ఉందో చూసి దానికి తగిన ఆటగాణ్ణి తీసుకోవాలా, లేక స్థానంతో నిమిత్తం లేకుండా మిగిలినవారందరిలో మేటిని తీసుకోవాలా అన్నదే ప్రశ్న. మేటినే తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

1996నే చూడండి. క్లీవ్‌లాండ్ నుంచి బాల్టిమోర్‌కు తరలివచ్చిన జట్టు రేవెన్స్ పేరుతో పాల్గొన్న మొదటి డ్రాఫ్ట్ అది. నాలుగో వంతు వచ్చేసరికి ఆ జట్టుకు కావలసింది బంతి పట్టుకొని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్. యజమాని ఆర్ట్ మోడెల్ కూడా ఆ స్థానంలో ఆడే లారెన్స్ ఫిలిప్స్ వైపే మొగ్గారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను ఎడమ అంచున కాపాడే లెఫ్ట్ ట్యాకిల్ స్థానంలో టోనీ జోన్స్ అప్పటికే స్థిరంగా ఉన్నాడు. అయినా ఎంపికల బాధ్యత చూసిన ఆజీ న్యూసమ్ తన పట్టికలో పైన ఉన్న ట్యాకిల్ జొనాథన్ ఆగ్డెన్‌నే తీసుకున్నారు. చోటు లేక మొదటి ఏడాది ఆగ్డెన్ ఆ పక్క స్థానమైన గార్డ్‌గా ఆడవలసి వచ్చింది. తర్వాత జోన్స్ డెన్వర్‌కు వెళ్లిపోయాడు, ఆగ్డెన్ తన స్థానానికి వచ్చాడు, 2013లో మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవ పీఠమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆరో వంతులో ఫిలిప్స్‌ను తీసుకున్న రామ్స్ రెండో ఏడాది ముగియకముందే అతణ్ణి వదులుకుంది.

నా జట్టు సంగతి అందరికీ తెలిసిందే. 2005లో క్వార్టర్‌బ్యాక్‌గా బ్రెట్ ఫార్వ్ ఉండగానే 24వ వంతులో అదే స్థానంలో ఆడే ఆరన్ రాడ్జర్స్‌ను తీసుకున్నారు. మూడేళ్లు బెంచి మీద కూర్చున్న ఆ కుర్రవాడు 2010 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిపించాడు, నాలుగుసార్లు ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) అయ్యాడు. ఖాళీ అనేది ఈ రోజు లెక్క. తీసుకున్న ఆటగాడు రాటుదేలేది రెండు మూడేళ్ల తర్వాత. ఆలోగా ఒకరికి మోకాలు దెబ్బతింటుంది, మరొకరి ఒప్పందం ముగుస్తుంది, నేడు నిండుగా కనిపించే స్థానమే రేపు ఖాళీ అవుతుంది.

డెట్రాయిట్ అభిమాని:

గ్రీన్ బే అభిమాని గారు చెప్పిన ఉదాహరణలు నిజమే కాని, అవన్నీ గెలిచినవారి కథలు. అదే సూత్రాన్ని పాటించామని చెప్పుకొని మునిగిన జట్టు కథ కూడా వినండి.

మా జట్టు లయన్స్ 2003లో రెండో వంతులో చార్లెస్ రోజర్స్‌ను, 2004లో ఏడో వంతులో రాయ్ విలియమ్స్‌ను, 2005లో పదో వంతులో మైక్ విలియమ్స్‌ను తీసుకుంది. ముగ్గురూ విసిరిన బంతిని అందుకునే రిసీవర్లే, ముగ్గురికీ అప్పట్లో గొప్ప ప్రతిభావంతులన్న పేరుంది. ఆ 2005లోనే పదకొండో వంతులో డల్లాస్ తీసుకున్న డిమార్కస్ వేర్ ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లను ఏళ్ల తరబడి వేటాడి హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. మేము మాత్రం మూడో రిసీవర్ దగ్గర ఆగిపోయాము. మైదానంలో బంతి ఒక్కటే ఉంటుంది. ఇద్దరు మంచి రిసీవర్లు ఉన్న జట్టుకు మూడోవాడు చేకూర్చే లాభం, రక్షణ వరుసలో మొదటి మంచి ఆటగాడు చేకూర్చే లాభంతో ఏ విధంగానూ సమానం కాదు. 2008లో మేము ఆడిన పదహారు ఆటలూ ఓడిపోయాము.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 2007లో మళ్లీ రిసీవర్‌నే తీసుకున్నాము, ఈసారి ఎంపిక అక్షరాలా సరైనది: కాల్విన్ జాన్సన్. ఆయన ఆటను కళ్లారా చూడగలగడం ఒక భాగ్యం. కాని 2015 తర్వాత ఆట నుంచి తప్పుకొనే నాటికి ఆయన సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్‌లలో ఒక్క విజయాన్నయినా చూడలేదు. అంతటి ప్రతిభను తెచ్చి, చుట్టూ ఉన్న స్థానాలను ఖాళీగా వదిలేస్తే ఆ ప్రతిభకు ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పైగా ‘మేటి’ ఎవరో ముందే తెలుస్తుందన్న నమ్మకమే నాకు లేదు. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు డ్రాఫ్ట్ ఎంపికలను లెక్కగట్టి చూస్తే, ఒక స్థానంలో ముందు ఎంపికైనవాడు ఆ స్థానంలోనే వెంటనే తర్వాత ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం సగానికి కొంచెమే ఎక్కువని తేలింది. పట్టికలో పదో పేరుకూ పద్నాలుగో పేరుకూ మధ్య తేడాను ఎవరూ నిక్కచ్చిగా చెప్పలేనప్పుడు, కచ్చితంగా తెలిసిన ఖాళీని పక్కన పెట్టి, ఊహించిన ప్రతిభ వెంట పడటం వివేకమా?

గ్రీన్ బే అభిమాని:

మీ చివరి వాదనలో బలముంది. ఆటగాళ్లను వరుస సంఖ్యలతో కాక స్థాయిలుగా విడదీసి, ఒకే స్థాయిలో ముగ్గురు నలుగురు మిగిలినప్పుడు జట్టు అవసరాన్ని బట్టి ఎంచుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. నేను వ్యతిరేకించేది అవసరం కోసం ఒక స్థాయి కిందికి దిగడాన్ని. లయన్స్ విషయంలో తప్పంతా సూత్రానిది కాదని కూడా మనవి చేస్తున్నాను. చార్లెస్ రోజర్స్ మొదటి రెండేళ్లూ గాయాలపాలయ్యాడు, మైక్ విలియమ్స్‌ను అంచనా వేయడంలోనే పొరపాటు జరిగింది.

నన్ను నిజంగా బాధపెట్టే ఉదాహరణ వేరే ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 2020లో మా జట్టు అంతకుముందు సీజన్‌లో సూపర్ బౌల్‌కు ఒక్క ఆట దూరంలో ఆగిపోయింది, రాడ్జర్స్‌కు తోడుగా మంచి రిసీవర్ కావాలని ఊరంతా అనుకుంటున్న వేళ, నాలుగు వంతులు ముందుకు జరిగి మరీ 26వ వంతులో జోర్డన్ లవ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. ఆ సీజన్‌లో రాడ్జర్స్ ఎంవీపీ అయ్యాడు. జట్టు మాత్రం 2021 జనవరిలో టంపా బే చేతిలో 31–26తో మళ్లీ అదే మెట్టు మీద ఓడింది. ఐదు పాయింట్ల తేడా. ఆ రోజు ఇంకొక రిసీవర్ ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. అయితే 2023లో రాడ్జర్స్ వెళ్లిపోయినప్పుడు, మంచి క్వార్టర్‌బ్యాక్ కోసం ఇతర జట్లు ఏళ్లకేళ్లు వెతుకుతుండగా, మా దగ్గర సిద్ధంగా ఒకడున్నాడు. తొలి ఏడాదే డల్లాస్‌ను దాని సొంత మైదానంలో 48–32తో ఓడించాడు. ఫిలడెల్ఫియా కథ కూడా ఇలాంటిదే. క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌కు 2019లో పెద్ద ఒప్పందం ఇచ్చిన మరుసటి ఏడాదే 53వ వంతులో అదే స్థానంలో ఆడే జేలెన్ హర్ట్స్‌ను తీసుకుంటే అభిమానులు మండిపడ్డారు. ఆ డిసెంబరులోనే వెంట్జ్ స్థానం పోయింది. 2025 ఫిబ్రవరిలో హర్ట్స్ సూపర్ బౌల్ ఎంవీపీ.

జీతాల లెక్కలు చూసేవాణ్ణి:

ఇద్దరూ డబ్బు సంగతి ఎత్తలేదు కాబట్టి నేను చేరుతున్నాను. 2011 కార్మిక ఒప్పందం తర్వాత డ్రాఫ్టు ఆటగాడి జీతం అతని వంతును బట్టి దాదాపు ముందే నిర్ణయమవుతుంది. క్వార్టర్‌బ్యాక్ అయినా, రన్నింగ్ బ్యాక్ అయినా ఒకే వంతుకు ఇంచుమించు ఒకే జీతం. బయట సంతలో మాత్రం మేటి క్వార్టర్‌బ్యాక్‌కు ఏడాదికి ఐదు కోట్ల డాలర్ల పైమాటే, రన్నింగ్ బ్యాక్ అందులో సగానికి కూడా దొరుకుతాడు. కనుక ‘మేటి’ అంటే ఆటలో మేటి అని మాత్రమే చూడకూడదు, అతని బదులు మరొకణ్ణి కొనాలంటే ఎంత అవుతుందన్నది కూడా అందులో కలపాలి.

2018లో జెయింట్స్ రెండో వంతులో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీని తీసుకుంది. అతని ప్రతిభ మీద ఎవరికీ సందేహం లేదు. కాని జట్టుకు వయసు మళ్లిన క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, ఏడో వంతులో జాష్ ఆలెన్, 32వ వంతులో లమార్ జాక్సన్ అనే క్వార్టర్‌బ్యాక్‌లు వేరే జట్లకు వెళ్లారు. బార్క్లీ 2024లో ఫిలడెల్ఫియాకు మారి, ఆ ఒక్క సీజన్‌లోనే 2,005 గజాలు పరుగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. ప్రతిభను గుర్తించడంలో జెయింట్స్ పొరబడలేదు, దాని వెలను కట్టడంలో పొరబడింది. ఇక ఖాళీల మాట: వాటిని పూడ్చుకోవడానికి మార్చిలో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను కొనుక్కునే ఫ్రీ ఏజెన్సీ ఉంది. అక్కడ ఒక మోస్తరు ఆటగాణ్ణి కొని పెట్టుకుంటే ఏప్రిల్‌లో చేతులు కట్టుబడకుండా ఉంటాయి.

డెట్రాయిట్ అభిమాని:

మార్చిలో కొనుక్కోవచ్చన్న మాటకు సిన్సినాటి సమాధానం చెబుతుంది. 2020లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతిన్నది. అతణ్ణి కాపాడే వరుస బలహీనమని అందరికీ తెలుసు. 2021లో ఐదో వంతు వచ్చినప్పుడు ట్యాకిల్ పెనే సూవెల్‌ను వదిలి రిసీవర్ జామార్ చేజ్‌ను తీసుకున్నారు. చేజ్ 1,455 గజాలు సాధించి ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడయ్యాడు, జట్టు సూపర్ బౌల్‌కు వెళ్లింది, ఇదంతా ఒప్పుకుంటాను. కాని ఆ ఆటలో బరో ఏడుసార్లు నేలకూలాడు, జట్టు 23–20తో ఓడింది, చివరి ప్రయత్నంలో ప్రత్యర్థి రామ్స్ ఆటగాడు ఆరన్ డోనాల్డ్ మీదపడి ఉండగా బరో విసిరిన బంతి ఎవరికీ అందలేదు. మూడు పాయింట్లే తేడా. చేజ్ లేకుండా వారు అంతవరకు వచ్చేవారా అని మీరు అడుగుతారు; నేను దానికి కాదనలేను, మీరు కూడా సూవెల్ ఉంటే ఆ చివరి బంతి గమ్యం చేరేది కాదని చెప్పలేరు. సూవెల్ ఏడో వంతులో మా దగ్గరకే వచ్చాడు. మా జట్టు తిరిగి లేచింది ఆ వరుస మీద ఆధారపడే.

జీతాల లెక్కలు చూసేవారికి ఒక ప్రశ్న. 2023లో మా జట్టు మార్చిలో డేవిడ్ మాంట్‌గోమరీ అనే రన్నింగ్ బ్యాక్‌ను కొనుక్కుంది, అయినా ఏప్రిల్‌లో పన్నెండో వంతులో జామీర్ గిబ్స్ అనే మరో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంది. మీ లెక్క ప్రకారం అది వెల తెలియని ఎంపిక, నా లెక్క ప్రకారం అవసరం లేని ఎంపిక. అదే డ్రాఫ్ట్‌లో, హాకెన్‌సన్ వెళ్లిపోయి ఖాళీ అయిన టైట్ ఎండ్ (ప్రత్యర్థులను అడ్డుకుంటూ బంతిని కూడా అందుకునే ఆటగాడు) స్థానానికి 34వ వంతులో శామ్ లపోర్టాను తెచ్చి, ఖాళీని సరిగ్గా పూడ్చారు. ఆ ఇద్దరూ మొదటి ఏడాదే జట్టును సూపర్ బౌల్‌కు ఒక్క ఆట దూరానికి చేర్చినవారిలో ఉన్నారు. గిబ్స్ విషయంలో మీ లెక్క ఎక్కడ తప్పిందో, లేక మా వారికి మీకు కనిపించనిది ఏం కనిపించిందో వివరిస్తే, నా వాదనను కూడా మళ్లీ పరిశీలించుకుంటాను.