ఏయూ మైక్ ధూళిని తరుముతున్నది గాలేనా?

చుక్కలపల్లకి:
ఏయూ మైక్ మీద మళ్లీ గొడవ పెడదామని వచ్చా. 32 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిలో సగం బరువున్న ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక నక్షత్రం), వయసు రెండు కోట్ల ఏళ్లు దాటిందంతే. దాని చుట్టూ ఉన్న ధూళి చక్రం మనకి అంచు వైపు నుంచి కనిపిస్తుంది. 2010, 2011లో హబుల్ తీసిన బొమ్మల పక్కన 2014లో చిలీలోని వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోపు తీసిన బొమ్మ పెట్టి చూస్తే ఒకవైపు ఐదు వంపులు బయటికి జరుగుతున్నాయని తేలింది, సెకనుకు 4 నుంచి 10 కిలోమీటర్ల వేగంతో. నన్నడిగితే ఇది నక్షత్ర గాలి, అంటే నక్షత్రం నుంచి ఎగసే కణాల ప్రవాహం పని, మధ్యలో గ్రహాలూ గిహాలూ అక్కర్లేదు.

రేణువు_రాజు:
గాలే అని అంత గట్టిగా ఎలా అంటావ్ బ్రో? బీటా పిక్టోరిస్ నక్షత్రం దగ్గర ధూళిని తోసేది వెలుగే కదా.

చుక్కలపల్లకి:
అది సూర్యుడికి 8 రెట్లు వెలుగుతుంది. ఏయూ మైక్ వెలుగు సూర్యుడిలో పదో వంతే. దీని వెలుగుకి అంత సీన్ లేదు.

సంధ్యాతార:
మీ ఇద్దరూ తోయడం దగ్గరే ఆగిపోయారు. కాస్త పెద్ద రేణువులకి జరిగేది పూర్తిగా వేరు. గాలి నేరుగా బయటికే వీస్తుంది గానీ రేణువు కక్ష్యలో అడ్డంగా పరిగెడుతోంది కాబట్టి, బండి మీద పోతుంటే నిలువు వాన కూడా ముఖానికే కొట్టినట్టు, గాలి కణాలు కొంచెం ఎదురు నుంచి తగులుతాయి. దాంతో కోణీయ ద్రవ్యవేగం, అంటే చుట్టూ తిరిగే ఊపు తగ్గి రేణువు చుట్లు చుట్టుకుంటూ లోపలికి జారిపోతుంది. కోటి ఏళ్లు దాటిన ఎర్ర మరుగుజ్జుల దగ్గర ధూళి పెద్దగా కనపడకపోవడానికి కారణం ఇదేనని 2005లో ప్లావ్‌చన్ బృందం వాదించింది కూడా. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు ఉండే నలుసులనైతే గాలి బయటికి తరిమేయగలదు. ముందు ఏ సైజు రేణువో తేల్చుకుని తర్వాత కొట్టుకోండి.

రేణువు_రాజు:
సరే అక్కా, నలుసులే అనుకుందాం. గాలి అన్ని వైపులా వీస్తుంటే వంపులు ఒకవైపే ఎందుకున్నాయి, అదీ తెగిన ముక్కల్లా? 2017లో సెజెస్ట్ర్ బృందం వేసిన లెక్కల్లో ఒకదాని ప్రకారం ధూళి పుట్టే చోటు భూమి–సూర్యుడి దూరానికి 8 రెట్ల దూరంలో తిరుగుతూ ఉండాలి. అక్కడ ఏదో దాగుంది.

చుక్కలపల్లకి:
దాగుందంటే సరిపోదు, చూపించాలి. దొరికిన గ్రహాల్లో ఒకటి 8.46 రోజులకీ ఇంకోటి 18.86 రోజులకీ చుట్టేస్తాయి, నక్షత్రానికి అతుక్కుని ఉన్నట్టే లెక్క. అదే 2017లో చియాంగ్, ఫంగ్ ఇంకో దారి చెప్పారు: ఎప్పుడో పగిలిన ఒక శకలం తాలూకు వలయం పెద్ద వలయాన్ని కోసే చోట నలుసులు నలుసుల్ని కొట్టి ధూళి ఉప్పెనలా లేస్తుంది, గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది.

సంధ్యాతార:
అసలు ఆ గాలి బలం మీదే లెక్కలు పొసగడం లేదు తమ్ముడూ, సూర్యుడి గాలికి పదుల రెట్లని ఒకరు, వెయ్యి దాకా అని ఇంకొకరు. దానికంటే కొత్త వంపులు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. ఉప్పెన నిజమైతే ఎప్పుడూ అదే చోట లేవాలి. రాజు చెప్పేదే నిజమైతే ఆ చోటు జరుగుతూ పోవాలి, అంత దూరంలో ఒక చుట్టుకి 32 ఏళ్లు పడుతుంది, 2010 నుంచి లెక్కేస్తే దాదాపు సగం చుట్టు.