ఎస్తర్ లెడర్‌బర్గ్ మీద సెమినార్, ఇంపాక్ట్ ఎట్లా చూపించాలి?

గుంటూరు_మైక్రో
అందరికీ నమస్తే. నాది ఎమ్మెస్సీ మైక్రో ఫైనలియర్, గుంటూరే. బ్యాక్టీరియల్ జెనెటిక్స్‌లో ఎవరో ఒక సైంటిస్ట్ రీసెర్చ్ ఇంపాక్ట్ మీద పావుగంట సెమినార్ ఇవ్వాలి, నేను ఎస్తర్ లెడర్‌బర్గ్ పేరు రాసిచ్చా. మా సార్ చూసి "నోబెల్ వచ్చింది వాళ్లాయనకి కదమ్మా, ఆయన్ని తీసుకో, లేదంటే ఈవిడ హెచ్ ఇండెక్స్ ఎంతో స్లైడ్‌లో పెట్టు" అన్నారు. ఏందండీ ఇది, ఒకరి పేపర్లని మిగతావాళ్లు ఎంత ప్రస్తావించారో చూపే ఆ హెచ్ ఇండెక్స్ అనేదే 2005లో పుట్టింది, ఆవిడ 2006లో పోయింది. అంకెలు లేకుండా ఇంపాక్ట్ చూపించే దారి ఉంటే చెప్పండి ప్లీజ్.

బెజవాడ_జెల్
సిస్, నువ్వు ప్రాక్టికల్స్‌లో అగరోజ్ జెల్ (డీఎన్ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసేది) రన్ చేసుంటావుగా, మొదటి లేన్‌లో ఏం లోడ్ చేశారు? మా ల్యాబ్‌లో అయితే లాంబ్డా డీఎన్ఏ హిండ్-త్రీ డైజెస్ట్, అంటే హిండ్-త్రీ ఎంజైమ్‌తో కోసిన ముక్కలు, సైజు పోల్చుకోడానికి, పైన 23 కేబీ (23 వేల బేస్ పెయిర్ల) బ్యాండ్ నుంచి కిందకి మెట్లలాగా దిగుతుంది చూడు, అదే. ఆ లాంబ్డా ఫేజ్‌ని, అంటే బ్యాక్టీరియాకి సోకే వైరస్‌ని, ఈ.కోలై కే-12 అనే ల్యాబ్ బ్యాక్టీరియాలో కనిపెట్టింది ఈవిడే, 1950 ప్రాంతంలో, విస్కాన్సిన్‌లో. ఎవరికీ కనపడకుండా బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లోనే కూర్చుని ఉందది. తర్వాత జీన్ ఆన్ ఆఫ్ అవడం ఎట్లాగో దాన్ని పట్టుకునే నేర్చుకున్నారు, వేరే జీన్లని మోసుకెళ్లే క్లోనింగ్ వెక్టర్‌గా వాడారు, 1982లో శాంగర్ టీమ్ మొత్తం సీక్వెన్స్ చేస్తే 48,502 బేస్ పెయిర్లు. స్లైడ్ ఎందుకు, మీ జెల్ ఫొటో ఒకటి పెట్టి మొదటి లేన్‌కి బాణం గుర్తు వెయ్యి, మీ సారే సైలెంట్ అయిపోతారు 😄

పటమట_అక్క
జెల్ ఐడియా బాగుంది గానీ అమ్మాయ్, నా ఓటు మాత్రం రెప్లికా ప్లేటింగ్‌కే. అంతకుముందు వందల కాలనీలని (ప్లేట్ మీద చుక్కల్లా పెరిగే బ్యాక్టీరియా గుంపుల్ని) ఒక్కోటీ పుల్లతో తీసి ఇంకో ప్లేట్‌లో పెట్టుకోవాల్సొచ్చేది. ఈవిడా వాళ్లాయనా ఏం చేశారంటే ఒక గుండ్రటి దిమ్మకి వెల్వెట్ గుడ్డ చుట్టి, కాలనీలున్న ప్లేట్‌ని దాని మీద బోర్లించి నొక్కి, తర్వాత కొత్త ప్లేట్లని వరసగా నొక్కారు. పెడనలో కలంకారీ అచ్చు ఉంటుంది చూడు, దాదాపు అదే పని, కాకపోతే ఇక్కడ రంగు బదులు బ్యాక్టీరియా.

అసలు దెబ్బ ఇక్కడుంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ముఖం కూడా చూడని ప్లేట్ నుంచి మందున్న ప్లేట్ల మీదకి అచ్చు తీస్తే, మందుకి చావని రెసిస్టెంట్ కాలనీలు అన్నిట్లో అదే చోట లేచాయి. అంటే మందు తగిలాక మారలా, ముందునుంచే ఉన్నారు వాళ్లు అక్కడ, మందు మిగతావాళ్లని చంపి వీళ్లని బయటపెట్టింది అంతే. 1952 పేపర్ అది. మెడికల్ షాపుకి పోయి జలుబుకి కూడా రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి మింగే మన ఊళ్లకి ఇది చెప్పాలి ముందు.

మేం పీజీలో ఒకసారి చేశాం, అన్ని పోషకాలూ ఉన్న కంప్లీట్ మీడియం నుంచి కనీస పోషకాలే ఉన్న మినిమల్ మీడియం మీదకి, ఏదో ఒక పోషకం సొంతంగా తయారుచేసుకోలేని ఆక్సోట్రోఫ్‌లు పట్టుకోడానికి. వెల్వెట్ ఆటోక్లేవ్‌లోంచి (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే మెషిన్) తీసి తడి ఆరకుండానే నొక్కేశాం, కాలనీలన్నీ అలుక్కుపోయి ప్లేటంతా పేడతో అలికిన వాకిలిలాగా అయింది, నవ్వలేక చచ్చాం. గుడ్డ ఓవెన్‌లో బాగా ఆరాలి, ప్రతి ప్లేట్ అంచు మీద ఒకే చోట మార్కర్‌తో గీత పెట్టుకోవాలి, లేకపోతే ఏ కాలనీ ఏదో తెలిసి చావదు.

నిడమర్రు_నాని
అంతా బాగానే ఉంది గానీ ఒక్క మాట, మొగుడు పెళ్లాం క్రెడిట్ కొట్టేశాడు అనే కథ మాత్రం చెప్పకండి. వాళ్లాయన జాషువాకి 1958లో సగం నోబెల్ వచ్చింది, మిగతా సగం బీడిల్, టేటమ్‌లకి. అందులో పెద్ద విషయం బ్యాక్టీరియాలో రీకాంబినేషన్, అంటే రెండు బ్యాక్టీరియాల జీన్లు కలవడం, అది టేటమ్‌తో కలిసి 1946లో చేసింది. ఈవిడతో పెళ్లి ఆ ఏడాది చివర్లో. కాబట్టి అది ఆయనదే. కానీ లాంబ్డా ఈవిడది, వెల్వెట్ పేపర్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి జీన్లు ఇచ్చేలా చేసే ఎఫ్ ఫ్యాక్టర్ పేపర్‌లో ఇద్దరితోపాటు కవాలి అనే ఇంకో సైంటిస్ట్ కూడా ఉన్నాడు. ఎవరిది ఎంతో విడివిడిగా చెప్పు, అప్పుడు ఎవరూ నోరెత్తరు. ఇంకోటి, తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కి బయట ఉండే చిన్న డీఎన్ఏల) రిఫరెన్స్ సెంటర్ నడిపింది ఈవిడ, ఆ చాకిరీ ఏ ఇండెక్స్‌లోకీ ఎక్కదు.

గుంటూరు_మైక్రో
థాంక్యూ అందరికీ 🙏 సార్ ఒప్పుకున్నారు, జెల్ ఫొటో చూసి "సరే కానీ" అన్నారు, అంతకంటే ఎక్కువ పొగడరు ఆయన. పటమట అక్కా, పట్నంబజార్ పోయి అర మీటరు నల్ల వెల్వెట్ అడిగితే షాపాయన "జాకెట్టుకి చాలదమ్మా" అన్నాడు. బ్యాక్టీరియాకి అని చెప్పలేక పౌచ్ కుట్టుకోడానికి అన్నా. రేపు ఆటోక్లేవ్‌లో పెడతా.

పటమట_అక్క
హహహ. ఆగు, కొత్త గుడ్డకి గంజీ రంగూ ఉంటాయి, ముందు ఉత్త నీళ్లలో రెండు మూడుసార్లు ఉతుకు. సబ్బు పెట్టకు.